ఫాదో గాయని అమాలియా రొడ్రిగెస్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాదో వింటానని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "అంటే ఏంటి?". రెండోది "భాష రాకుండా ఎలా వింటారు?". ఆ రెండింటితో మొదలుపెట్టి, అమాలియా రొడ్రిగెస్ గురించి ఇన్నేళ్లలో నన్ను అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఆవిడ గొంతు గురించి అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. కానీ నన్ను ఇంకా ఎక్కువగా కట్టిపడేసేది ఆవిడ మాటల ఎంపిక. మూడేళ్లు బడికి వెళ్లిన అమ్మాయి తన దేశపు గొప్ప కవులను రేవు పేటల పాటలోకి తీసుకొచ్చింది. ఈ జవాబులన్నీ చివరికి అటే వెళ్తాయి.

ఫాదో అంటే ఏంటి?

పోర్చుగల్ రాజధాని లిస్బన్ నగరపు పాట. 19వ శతాబ్దం మొదటి సగంలో మొరారియా, అల్ఫామా లాంటి ఇరుకు సందుల పేటల్లో, సారా కొట్లలో, ఓడరేవు పక్కన పుట్టి పెరిగింది. ఈ పాటకు మొదట పేరు తెచ్చిన గాయని మరియా సెవేరా. 1820లో పుట్టి 1846లోనే, 26 ఏళ్లకే చనిపోయింది. "ఫాదో" అనే మాట విధి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మనం నుదుటి రాత అంటామే, అదే. వాళ్లు పలికేటప్పుడు "ఫాదు" అని వినిపిస్తుంది. పాడేది ఆడవాళ్లైనా మగవాళ్లైనా "ఫదిష్తా" అనే అంటారు.

పక్కవాద్యాలు రెండు మూడే. ఒకటి మామూలు గిటారు, దాన్ని అక్కడ "వియోలా" అంటారు. కొన్నిసార్లు మంద్రానికి ఇంకో గిటారు ఉంటుంది. అసలు ప్రాణం పోర్చుగీసు గిటారుది. పొట్ట బేరిపండు ఆకారంలో గుండ్రంగా ఉంటుంది. 12 తీగలు, రెండేసి జతగా ఆరు వరసలు. మన వీణకు ఉన్నట్టు బిరడాలు ఉండవు. మెడ చివర విసనకర్రలా విచ్చుకున్న లోహపు పలక ఉంటుంది, దాని మీద చిన్న చిన్న మరలు తిప్పి శ్రుతి చేస్తారు. వాయించేవాళ్లు బొటనవేలికి, చూపుడువేలికి గోళ్లు తొడుక్కుంటారు. గాయని ఒక మాట పాడి ఆగగానే ఆ ఖాళీలో గిటారు జవాబు చెబుతుంది. ఆ జవాబు కోసమే చెవి ఎదురుచూస్తుంటుంది.

భాష రాకుండా ఎలా వింటారు?

మొదట నేనూ అర్థం తెలియకుండానే విన్నాను. తర్వాత ఒక్కొక్క పాటకు అర్థం వెతుక్కున్నాను. రెండు రకాల వినడమూ బాగుంటుంది. ఫాదోకు కీలకమైన ఒక మాట మాత్రం ముందే తెలుసుకుంటే మేలు: "సౌదాదె". మనకు దగ్గరి మాట బెంగ. ఊరి మీద బెంగ, అమ్మ మీద బెంగ. అయితే మన బెంగ మనిషి కళ్లబడగానే తీరిపోతుంది. సౌదాదె అలా తీరిపోవాలని కోరుకోదు. పోయినదాన్ని మనసులో అట్టిపెట్టుకోవడంలో కాస్త తీపి కూడా ఉంటుంది. ఆ తేడా తెలిశాక అమాలియా ఒక అచ్చును అంతసేపు ఎందుకు సాగదీస్తుందో అర్థమవుతుంది.

ఆమె పుట్టిన తేదీ ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు ఉంటుంది?

1920 జూలైలో లిస్బన్‌లో పుట్టింది. రిజిస్టరులో 23వ తేదీ ఉంది. ఆమె మాత్రం జూలై 1నే పుట్టినరోజు చేసుకునేది. తాను చెర్రీపండ్ల కాలంలో పుట్టానని ఇంట్లోవాళ్లు చెప్పుకునేవారట, దాన్ని బట్టి ఆ తేదీ పెట్టుకుంది. కాగితం కంటే పండ్ల కాలాన్ని నమ్మిన ఇల్లు అది.

చిన్నతనం ఎలా గడిచింది?

అమ్మానాన్నలది బైరా బైషా ప్రాంతంలోని ఫుందావ్. పని కోసం లిస్బన్ వచ్చారు, కుదరక వెనక్కి వెళ్లిపోయారు. పద్నాలుగు నెలల పాపను అమ్మమ్మ, తాతయ్యల దగ్గర వదిలి వెళ్లారు. అలా అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. తొమ్మిదేళ్లకు బడిలో చేరి, పన్నెండేళ్లకు మానేసింది. కుట్టుపని, ఎంబ్రాయిడరీ నేర్చుకుంది. మిఠాయిల ఫ్యాక్టరీలో పనిచేసింది. తర్వాత అల్కాంతరా దగ్గర రేవులో పండ్లు అమ్మింది. ఆమె చెల్లెలు సెలెస్త్ కూడా గొప్ప ఫదిష్తా అయింది. తొంభై దాటాక కూడా పాడింది, 2018లో చనిపోయింది. అక్క నీడలో పడి సెలెస్త్‌కు రావాల్సినంత పేరు రాలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

సంగీతం ఎవరి దగ్గర నేర్చుకుంది?

ఎవరి దగ్గరా కాదు. చిన్నప్పుడు సినిమాల్లో విన్న టాంగోలు పాడేది. తల్లి వైపు నుంచి బైరా బైషా జానపదాలు వచ్చాయి. పేటలో ఫాదో ఎలాగూ వినిపిస్తూనే ఉంటుంది. ఆమె గొంతులోని మలుపులు మామూలు లిస్బన్ ఫాదోలా లేవని, స్పానిష్ వాసన వేస్తున్నాయని మొదట్లో కొందరు విసుక్కున్నారు కూడా.

ఇక్కడ ఫాదో పనిచేసే తీరు కొంచెం చెప్పాలి. పాత తరహా ఫాదోలో బాణీలు కొన్ని స్థిరంగా ఉంటాయి. ఫాదో మెనోర్, ఫాదో కొర్రీదో, ఫాదో మొరారియా అలాంటివి. పల్లవి ఉండదు. ఒకే బాణీకి వందల సాహిత్యాలు కట్టుకోవచ్చు, ఛందస్సు సరిపోతే చాలు. అంటే బాణీ అందరిదీ. మాటలు, వాటిని నడిపే తీరు పాడేవాళ్లవి. ఒకే చరణం మళ్లీ పాడేటప్పుడు సంగతులు మారుస్తారు, ఒక మాటను ముందుకు లాగుతారు, ఇంకోదాన్ని తాళం వెనక్కి నెడతారు. వాద్యాలవాళ్లు ఆ నడక పట్టుకుని వెంట రావాలి. కృతి పాడేటప్పుడు సంగతులు వేయడం తెలిసిన మన చెవికి ఇది కొత్తేమీ కాదు. పల్లవి ఉన్న కొత్త తరహా పాటలు నాటకశాలల వల్ల వచ్చాయి. అమాలియా రెండింట్లోనూ ఆరితేరింది.

వృత్తిగా ఎప్పుడు పాడటం మొదలుపెట్టింది?

1939లో, రెతీరో ద సెవేరా అనే ఫాదో హౌస్‌లో, అంటే భోజనం చేస్తూ ఫాదో వినే చోట. అంతకు ముందే 1936లో పేటల ఊరేగింపు పాటల్లో అల్కాంతరా తరఫున పాడింది. 1938లో ఒక పోటీకి పేరిచ్చింది కానీ, ఆమె ఉంటే మేం పాడం అని మిగతా అమ్మాయిలు పట్టుబట్టారని చెబుతారు. చివరికి ఆమె పోటీలో పాడనే లేదు.

అప్పట్లో ఫాదో పాడాలంటే ప్రభుత్వ కార్డు కావాలి. 1927లో వచ్చిన నిబంధనల ప్రకారం వృత్తి కళాకారులకు లైసెన్సు ఉండాలి, పాటల సాహిత్యం ముందు సెన్సారు చూడాలి. అప్పటికప్పుడు మాటలు కట్టి పాడే అలవాటు దీనితో చాలావరకు తగ్గింది. ఆమె వృత్తిలోకి వచ్చేనాటికి ఇదంతా మామూలు సంగతి అయిపోయింది. 1940లో మరియా వితోరియా థియేటర్‌లో రివ్యూ నాటకాల్లోకి, అంటే పాటలు, హాస్యం కలిపిన ప్రదర్శనల్లోకి వెళ్లింది. అక్కడ సంగీతకారుడు ఫ్రెదెరికు వలేరియు ఆమె గొంతు విస్తృతి చూసి, దానికి తగ్గ పెద్ద పాటలు కట్టడం మొదలుపెట్టాడు.

మొదటి రికార్డు లిస్బన్‌లో కాకుండా బ్రెజిల్‌లో ఎందుకు వచ్చింది?

ఆమె మేనేజరు రికార్డులకు ఒప్పుకోలేదు. ఇంట్లో పెట్టెలో పాట వినిపిస్తే టికెట్ కొని ఎవరు వస్తారని ఆయన భయం. 1944లో బ్రెజిల్ వెళ్లి కొపాకబానా కాసినోలో పాడింది. మళ్లీ 1945లో వెళ్లినప్పుడు రియో ది జనీరోలో మొదటిసారి రికార్డు చేసింది. అంటే ఆమె 19 నుంచి 25 ఏళ్ల దాకా ఎలా పాడిందో వినడానికి మనకేమీ మిగల్లేదు. ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

పోర్చుగల్ బయట ఎలా పేరొచ్చింది?

మెల్లగా, చాలా దారుల్లో. 1943లో మాడ్రిడ్. 1947లో వచ్చిన రెండు పోర్చుగీసు సినిమాలు ఆమెను స్వదేశంలో స్టార్‌ను చేశాయి. 1950లో, యుద్ధం తర్వాత యూరప్‌ను నిలబెట్టడానికి అమెరికా పెట్టిన మార్షల్ ప్లాన్ తరఫున యూరప్ నగరాల్లో జరిగిన కచేరీల్లో పాడింది. డబ్లిన్‌లో ఆమె పాడిన "కొయింబ్రా" పాట ఒక ఫ్రెంచ్ గాయని చెవిన పడి, ఫ్రెంచ్ మాటలతో ప్రపంచమంతా తిరిగింది. 1952లో న్యూయార్క్.

కానీ తలుపులు బార్లా తెరిచింది 1955లో ఆన్రి వెర్నోయ్ తీసిన ఫ్రెంచ్ సినిమా. లిస్బన్‌లో నడిచే కథ. అందులో అమాలియా "బార్కు నెగ్రు" పాడుతుంది. ఆ పాట చరిత్ర తెలుసుకోవాలి. అసలది బ్రెజిల్ పాట. బానిసత్వంలో తెల్లవాళ్ల బిడ్డను పెంచే నల్లజాతి తల్లి గురించినది. ఆ మాటలు పోర్చుగల్ సెన్సారుకు నచ్చలేదు. దాంతో కవి దవిద్ మొరావ్ ఫెరైరా అదే బాణీకి కొత్త మాటలు రాశాడు. సముద్రం మీదికి వెళ్లిన ప్రియుడు తిరిగి రాడని ఊళ్లో ముసలమ్మలు అంటున్నా, ఆ అమ్మాయి నమ్మదు. చేత్తో కొడుతున్న డప్పు లాంటి చప్పుడు, దాని మీద గొంతు. ఏడుపు పాట కదా అని గొంతు వణికించదు. నిటారుగా నిలబడి "లేదు, నువ్వు ఇక్కడే ఉన్నావు" అని వాదిస్తున్నట్టు పాడుతుంది. అందుకే గుండె పట్టేస్తుంది. 1956లో పారిస్ ఒలింపియా వేదిక ఎక్కేసరికి అక్కడివాళ్లకు ఆ గొంతు తెలుసు.

ఆలన్ ఉల్మన్ పేరు ప్రతిచోటా వస్తుంది. ఆయన ఎవరు?

అమాలియా జీవితంలో ఒక్కరి గురించే చదవాలంటే ఈయన గురించే చదవమంటాను.

1928లో లిస్బన్ దగ్గర పుట్టాడు. ఫ్రెంచ్ యూదు కుటుంబం, పుస్తక ప్రచురణ వాళ్ల ఇంటి వ్యాపారం. పియానో వాయించేవాడు, కవిత్వం విపరీతంగా చదివేవాడు. 1960ల మొదట్లో తను బాణీ కట్టిన ఒక కవితను ఆమెకు వినిపించాడు. ఆమెకు నచ్చింది. 1962లో వచ్చిన ఆల్బమ్‌ను అట్ట మీదున్న ఆమె శిల్పం వల్ల అందరూ "బుష్తు" అని పిలుస్తారు. ఫాదోలో దానికి ముందు, తర్వాత అని లెక్క చెప్పుకోవచ్చు.

ఉల్మన్ బాణీలు పాత మూసల్లో ఉండవు. స్వరాలు ఊహించని చోటికి వెళ్తాయి. గిటారు వాద్యకారులకు ఇది తలనొప్పిగా ఉండేది. వాటిని "ఒపెరాలు" అని పిలిచేవారు. కొత్త పాట రిహార్సల్ అంటే మళ్లీ ఒపెరాలకు వెళ్తున్నాం అనుకునేవారట. అయినా కూర్చుని నేర్చుకున్నారు, అద్భుతంగా వాయించారు. ఉల్మన్ పియానో దగ్గర, ఆమె పక్కన నిలబడి, గిటారువాళ్లు చెవితో పట్టుకుంటూ సాధన చేయడం ఊహించుకోండి. నోట్స్ చదవడం రాని గాయని, కవిత్వం తప్ప వేరే లోకం లేని పియానో మనిషి. ఇద్దరికీ కలిసింది మాట దగ్గరే. ఏ పదం మీద ఊపిరి తీసుకోవాలి, ఏ పదాన్ని వదిలేయాలి అన్నది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ దారిలోనే పెద్రు ఓమెం ది మెల్లు, అలెషాంద్రె ఓనీల్, జొజె రెజియు, మనుయెల్ అలెగ్రె లాంటి కవులు ఫాదోలోకి వచ్చారు. 1970లో విడుదలైన "కొం కె వోజ్" ఆల్బమ్ ఈ జంట పనితనానికి శిఖరం. మొత్తం పాటలన్నీ కవులవే, బాణీలన్నీ ఉల్మన్‌వే.

కమోయిష్ కవిత్వం పాడినందుకు గొడవ జరిగిందా?

జరిగింది. కమోయిష్ 16వ శతాబ్దపు మహాకవి, పోర్చుగీసు భాషకే ఆయన పేరు మారుపేరు. 1965లో అమాలియా ఆయన పద్యాలను ఉల్మన్ బాణీల్లో రికార్డు చేసింది. ఫాదో హౌస్ గాయని మహాకవిని ముట్టుకోవడమేంటని సాహిత్యకారులు కొందరు పత్రికలకెక్కి మండిపడ్డారు. ఇంకొందరు వెనకేసుకొచ్చారు. ఆ రికార్డు ఇప్పుడు వింటే గొడవ ఎందుకో అర్థం కాదు. ఆ పద్యం నాలుగు వందల ఏళ్ల కిందటిదని అనిపించదు, నిన్న రాత్రి రాసినట్టుంటుంది. బడిలో ముక్కున పట్టి చదివే పద్యాన్ని మనిషి గొంతుతో వినిపించడం తప్పెలా అవుతుంది?

ఆమె నియంతల ప్రభుత్వపు మనిషి అంటారు. నిజమేనా?

పోర్చుగల్‌లో సలజార్ మొదలుపెట్టిన నియంతృత్వం 1974 ఏప్రిల్ 25న జరిగిన కార్నేషన్ విప్లవంతో కూలింది. ఆ ప్రభుత్వం అమాలియా పేరు ప్రతిష్ఠలను విదేశాల్లో దేశానికి ముఖచిత్రంలా వాడుకుంది. ఆమె బహిరంగంగా ఎదురు చెప్పలేదు. జనాన్ని మత్తులో ఉంచడానికి "ఫాదో, ఫాతిమా, ఫుట్‌బాల్" చాలన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది (ఫాతిమా అంటే అక్కడి క్రైస్తవ పుణ్యక్షేత్రం). విప్లవం రాగానే ఆ కోపమంతా ఆమె మీదికి మళ్లింది. రహస్య పోలీసులకు సాయం చేసిందన్న పుకార్లు కూడా లేచాయి. వాటితో బాగా కుంగిపోయింది.

రెండో వైపు కూడా చూడాలి. 1962 ఆల్బమ్‌లోనే "అబందోను" అనే పాట ఉంది. రాత్రికి రాత్రి పట్టుకుపోయిన మనిషి గురించి, అతను ఉన్నచోట సముద్రం వినిపిస్తుందన్న సంగతి గురించి. అప్పట్లో రాజకీయ ఖైదీలను పెట్టిన పెనిష్ కోట సముద్రం ఒడ్డునే ఉంది. వినేవాళ్లకు వెంటనే వెలిగింది. "పెనిష్ ఫాదో" అని పేరు పెట్టేశారు. పాట మీద నిషేధం పడింది. 1966లో రహస్య పోలీసులు ఉల్మన్‌ను అరెస్టు చేశారు, తర్వాత దేశం నుంచి పంపేశారు. ఆమె అతని కోసం నిలబడింది, అతని బాణీలు పాడటం మానలేదు. అజ్ఞాతంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీకి ఆమె చాటుగా డబ్బు ఇచ్చేదన్న సంగతి ఆమె పోయాకే జనానికి బాగా తెలిసింది. నిందలు మోస్తున్న రోజుల్లో ఆ ఒక్కమాట తనే బయటపెట్టి ఉంటే చాలు. పెట్టలేదు. ఆమెను విప్లవకారిణి అనను. పిరికిది అని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోను.

సొంతంగా పాటలు రాసిందా?

రాసింది, చాలా బాగా రాసింది. "ఎష్త్రాన్య ఫోర్మ ది వీద" మాటలు ఆమెవే. తన మాట వినకుండా తన ఇష్టానికి కొట్టుకునే గుండెతో మాట్లాడే పాట. బాణీ పాత తరం ఫదిష్తా అల్ఫ్రెదు మర్సెనైరుది. 1980, 1983లలో వచ్చిన రెండు ఆల్బమ్‌లు పూర్తిగా ఆమె రాసిన మాటలతోనే ఉన్నాయి. రెండోదాని పేరు "లాగ్రిమ", అంటే కన్నీటి చుక్క. అప్పటికి గొంతు బొంగురుపోయింది, పై స్థాయి తగ్గింది. నాకు ఆ గొంతే ఎక్కువ ఇష్టం. చిన్న చిన్న మాటలు, పల్లెటూరి పదాలు. మహాకవులందరినీ పాడి వచ్చాక అమ్మమ్మ ఇంటి భాషకు చేరుకున్నట్టుంటుంది.

పెళ్లి, కుటుంబం?

1940లో గిటారు వాయించే ఫ్రాన్సిష్కు క్రూజ్‌తో పెళ్లయింది. కొన్నాళ్లకే విడిపోయారు. 1961లో రియోలో ఇంజినీరు సెజర్ సెయాబ్రాను పెళ్లి చేసుకుంది. 1997లో ఆయన పోయేదాకా కలిసే ఉన్నారు. పిల్లలు లేరు.

చివరి రోజులు ఎలా గడిచాయి?

1990లో వృత్తికి యాభై ఏళ్ల సందర్భంగా లిస్బన్ కొలిజియు వేదికలో పెద్ద కచేరీ జరిగింది. అధ్యక్షుడు మారియు సోరెష్ దేశ పురస్కారం అందించారు. పాత నిందల గాయం అప్పటికి మానినట్టే. 1999 అక్టోబరు 6న లిస్బన్‌లో తన ఇంట్లో కన్నుమూసింది. దేశం మూడు రోజులు సంతాప దినాలు పాటించింది. మొదట ప్రజేరిష్ శ్మశానంలో ఉంచి, 2001లో దేశ ప్రముఖుల సమాధులుండే నేషనల్ పాంథియన్‌కు మార్చారు. అక్కడ చోటు దక్కిన మొదటి మహిళ ఆమే. సావ్ బెంతు వీధిలో ఆమె ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 2011లో యునెస్కో ఫాదోను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

లిస్బన్ వెళ్తున్నాం. ఫాదో హౌస్‌లో ఎలా మెలగాలి?

భోజనం చేస్తూ వినే చోట్లు అవి. పాట మొదలయ్యే ముందు లైట్లు తగ్గిస్తారు, వడ్డన ఆపేస్తారు, "నిశ్శబ్దం, ఫాదో పాడబోతున్నారు" అని చెబుతారు. ఆ క్షణం నుంచి చెంచా కూడా పళ్లానికి తగలకూడదు. ఫోన్ జేబులో ఉంచండి. సాధారణంగా మైకు ఉండదు. గాయని నల్ల శాలువా సర్దుకుని, కళ్లు మూసి, తల కాస్త వెనక్కి వాల్చి పాడుతుంది. రెండు మూడు పాటలయ్యాక లైట్లు వెలుగుతాయి, అప్పుడు మళ్లీ కబుర్లు. వృత్తి కళాకారులు కాని ఊరివాళ్లు వంతులవారీగా పాడే చోట్లను "ఫాదో వాదియు" అంటారు. వీలైతే అవి కూడా చూడండి. అల్ఫామాలోని ఫాదో మ్యూజియానికి పగలు వెళ్లొస్తే రాత్రి విన్నది ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇండియాలో ఎక్కడైనా వినొచ్చా?

గోవాలో. 1961 దాకా అది పోర్చుగీసు పాలనలో ఉంది కదా, పాట అక్కడ మిగిలింది. గోవా గాయని సోనియా శిర్సత్ ఎన్నో ఏళ్లుగా ఫాదో పాడుతూ, కొత్తవాళ్లకు నేర్పుతున్నారు. హైదరాబాద్ నుంచి, వైజాగ్ నుంచి గోవా వెళ్లేవాళ్లు బీచ్‌కు ఇచ్చే సాయంత్రాల్లో ఒకటి దీనికివ్వండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట "బార్కు నెగ్రు". తర్వాత "ఎష్త్రాన్య ఫోర్మ ది వీద". ఈ రెండూ పట్టుకుంటే 1962 ఆల్బమ్ మొత్తం, ఆపైన "కొం కె వోజ్". పని చేసుకుంటూ వెనక పెట్టుకునే పాటలు కావివి. రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఆమె తర్వాతి తరంలో మరీజా, కమనే, కర్మీన్యు, ఆనా మోరా ఉన్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. "లాగ్రిమ"ను మాత్రం ఆఖరికి దాచుకోండి. 1945 నాటి పాత రికార్డు ఒకటి విని, వెంటనే అది పెట్టండి.